గ్రంథకర్త ధర్మము – సంపాదకుని ధర్మము

మనము బిడ్డను వైద్యునివద్దకు తీసికొనిపోవుదుము. ఆయన పరీక్షించి ఒక మందు వ్రాసి యిచ్చును. ఆ మందు పనిచేయునని ఆయనకెట్లు తెలిసినది? తాను చదివిన గ్రంథములవలన. ఆ గ్రంథములు వ్రాసినవారికెట్లు తెలిసినది? శాస్త్రపత్రికలలో వెలువడిన పరిశోధనలవలన. ఆ పరిశోధకుడు చూచినది చూచినట్లే వ్రాసెనని మనకెవరు హామీ యిచ్చిరి? ఈ ప్రశ్నల గొలుసు చివరకు ఇద్దరు మనుష్యులవద్దకు వచ్చి ఆగును. ఒకరు వ్యాసకర్త, రెండవవారు ఆ వ్యాసమును అచ్చునకు పంపిన సంపాదకుడు. వారి ముఖము మనమెన్నడును చూడము. అయినను మన యింటిలోని పసిబిడ్డ ఆరోగ్యము వారి నిజాయితీపై ఆధారపడియున్నది. ఆ యిద్దరి ధర్మములు ఎట్లు ఏర్పడినవో, ఏ తప్పుల నుండి ఏ నియమము పుట్టినదో ఈ ప్రసంగమున ముచ్చటింపదలచితిమి.

రచనలో దొంగతనము క్రొత్త సంగతి కాదు. అచ్చుయంత్రము పుట్టుటకు ఎన్నియో శతాబ్దములకు పూర్వమే మన ఆలంకారికులు దీనిని చర్చించిరి. సుమారు వేయి సంవత్సరములకు పైబడిన కాలమున రాజశేఖరుడు తన ‘కావ్యమీమాంస’లో ఒక కవి మరియొక కవి శబ్దమును గాని అర్థమును గాని హరించుట ఎన్ని విధములో, అందేది దోషమో, ఏది క్షమింపదగినదో తరగతులుగా విభజించి చూపెను. మన తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాసిన లేఖకులు సైతము గ్రంథాంతమున, తాము మాతృకలో చూచినది చూచినట్లే వ్రాసితిమనియు, తప్పులున్నచో తమను నిందింపవద్దనియు విన్నవించుకొనెడివారు. ఆ విన్నపములో వినయము మాత్రమే కాదు, బాధ్యత యొక్క హద్దును స్పష్టపరచుట కూడ కలదు. ‘నేను చేసినది యింత, ఇంతవరకే నేను జవాబుదారిని’ అని దాని భావము. నేటి శాస్త్రపత్రికల నియమములన్నియు ఈ యొక్క మాటకు వ్యాఖ్యానములే యనవచ్చును.

శాస్త్రపత్రిక యనునది ఐరోపాలో 1665లో పుట్టినది. ఆ సంవత్సరము జనవరిలో పారిస్ నగరమున ‘జూర్నాల్ దె సావాఁ’ అను పత్రికయు, మార్చి 6వ తేదీన లండనులో ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ అను పత్రికయు వెలువడెను. రెండవదానిని స్థాపించినవాడు హెన్రీ ఓల్డెన్‌బర్గ్. ఆయన జర్మనీలోని బ్రెమెన్ నగరమువాడు. లండను రాయల్ సొసైటీకి కార్యదర్శి. ఐరోపా అంతటినుండియు పండితులు ఆయనకు ఉత్తరములు వ్రాసెడివారు. ఆ విదేశీ ఉత్తర ప్రత్యుత్తరములే ఆయనను ఒకసారి చిక్కులలో పడవేసినవి. డచ్చివారితో యుద్ధము జరుగుచున్న 1667లో ఆయనను అనుమానించి లండను టవర్ కోటలో కొంతకాలము నిర్బంధించిరి. విడుదలయై వచ్చి ఆయన మరల పత్రికను నడపెను.

ఆ దినములలో పండితులకు గల పెద్ద భయము, తాము కనుగొన్నది ఇంకొకరు తమదని చెప్పుకొందురేమో యని. అందుచేత పలువురు తమ సంగతులను పెట్టెలో దాచుకొనిరి. కొందరు అక్షరములను తారుమారు చేసి గూఢభాషలో ప్రకటించిరి. ఓల్డెన్‌బర్గ్ చూపిన ఉపాయము చాల సులభమైనది. ఉత్తరము ఏ తేదీన వచ్చినదో వ్రాసియుంచుట, దానిని త్వరగా అచ్చువేయుట. దాచుకొన్నవానికి గాక, చెప్పినవానికి కీర్తి దక్కునను నమ్మకము ఇందువలన కుదిరినది. సంపాదకుడు తేదీకి సాక్షి. ఇది ఆయన మొదటి ధర్మము.

రెండవ ధర్మము కూడ ఆ పత్రికలోనే కనబడును. 1672లో ఐజాక్ న్యూటన్ వెలుతురును గూర్చియు రంగులను గూర్చియు వ్రాసిన ఉత్తరమును ఓల్డెన్‌బర్గ్ ప్రకటించెను. ఫ్రాన్సునుండి పార్డీ అను పండితుడు దానికి ఆక్షేపణలు వ్రాసి పంపగా, ఓల్డెన్‌బర్గ్ ఆ ఆక్షేపణలను, న్యూటన్ సమాధానములను ప్రక్కప్రక్కనే అచ్చువేసెను. వాదికి చోటిచ్చిన పుటలలోనే ప్రతివాదికిని చోటియ్యవలెనను మర్యాద ఆనాటినుండి యున్నది. కాని మర్యాద వేరు, కట్టుబాటు వేరు. నలువది సంవత్సరములు గడచునప్పటికి ఆ పత్రికలోనే ఆ మర్యాదకు గొప్ప భంగము కలిగినది. దానికి కారకుడు మరెవ్వరో కాదు, ఆ న్యూటనే.

ఆ కథ యిట్టిది. నేడు కళాశాలలలో కలన గణితమని చదువుకొనుచున్న శాస్త్రమును న్యూటన్ 1665–66 ప్రాంతముననే కనుగొనెను, కాని ప్రకటింపలేదు. జర్మన్ పండితుడు లైబ్నిజ్ అదే శాస్త్రమును వేరొక త్రోవలో కనుగొని 1684లో లైప్జిగు నగరమునుండి వెలువడు ‘ఆక్టా ఎరుడిటోరమ్’ అను పత్రికలో ప్రకటించెను. న్యూటన్ తన పద్ధతిని వివరముగా ప్రకటించినది 1704లో మాత్రమే. మరుసటి సంవత్సరము ఆ లైప్జిగు పత్రికలో ఆ గ్రంథమునకు ఒక సమీక్ష వచ్చినది. దాని క్రింద పేరు లేదు. న్యూటన్ పద్ధతి లైబ్నిజ్ పద్ధతికే మారురూపమేమో యని తోచునట్లు అందొక మాట యుండెను. దానిని వ్రాసినవాడు లైబ్నిజే. అడిగినపుడు కాదనెను.

ఇంగ్లండువారికి కోపము వచ్చినది. జాన్ కీల్ అను పండితుడు లైబ్నిజ్ గణితమును న్యూటన్‌నుండి గ్రహించెనని ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’లో వ్రాసెను. లైబ్నిజ్ తానును రాయల్ సొసైటీ సభ్యుడే గనుక, 1711లో సొసైటీకి ఫిర్యాదు చేసి న్యాయము కోరెను. అప్పుడు సొసైటీ అధ్యక్షుడెవరు? న్యూటన్. 1712 మార్చిలో విచారణ సంఘమొకటి ఏర్పడెను. దాని సభ్యుల పేర్లు ప్రకటింపలేదు. లైబ్నిజ్ వాదమును వినలేదు. రెండు మాసములు నిండకముందే నివేదిక వచ్చినది; న్యూటనే మొదటివాడని తీర్పు. ఆ నివేదికను సిద్ధపరచినది చాలవరకు న్యూటన్ చేతులేనని తరువాత ఆయన కాగితములవలన తెలిసినది.

అంతటితో ఆగలేదు. 1715లో ఆ నివేదికకు ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’లో ఒక దీర్ఘమైన సమీక్ష వెలువడెను. సంచికలో కొద్ది పుటలు తప్ప తక్కినవన్నియు ఆ సమీక్షయే ఆక్రమించినది. దాని క్రిందను పేరు లేదు. నివేదిక ఎంత నిష్పక్షపాతముగా నున్నదో అందు వర్ణింపబడెను. వ్రాసినవాడు న్యూటన్! అభియోగములో కక్షిదారుడు తానే. తీర్పు చెప్పించినది తానే. తీర్పు బాగుగా నున్నదని ముసుగు వేసికొని మెచ్చుకొన్నదియు తానే. లైబ్నిజ్ 1716లో ఆ నింద తోడనే కన్నుమూసెను. సమీక్షకర్త న్యూటనేనని 19వ శతాబ్దమున ఆగస్టస్ డీ మోర్గన్ అను ఇంగ్లీషు గణితజ్ఞుడు నిరూపించెను. ఇద్దరును స్వతంత్రముగనే కనుగొనిరని నేడు చరిత్రకారులు అంగీకరించుచున్నారు.

ఈ కథను మేము న్యూటన్ మహత్త్వమును తగ్గించుటకు చెప్పలేదు. భూమ్యాకర్షణ సూత్రము ఆయన సమీక్షవలన అబద్ధము కాదు. కాని దీనిలో ఒక పాఠమున్నది. ఆయనవంటి మేధావి కూడ తన విషయములో తాను న్యాయాధిపతి కాజాలడు. ఇద్దరు మహాపండితులు పేరు దాచుకొని తమ్ము తాము పొగడుకొన్నప్పుడు, మనిషి గొప్పతనము మీద భారము వేసి కూర్చుండుట చాలదని తెలియుచున్నది. ఏర్పాటే మంచిదై యుండవలెను. సంపాదకుడు తన వ్యాసము విషయమున గాని, తన మిత్రుని, శత్రువుని వ్యాసము విషయమున గాని తీర్పరిగా నుండరాదను నేటి నియమమునకు వేళ్లు ఈ కథలో నున్నవి.

ఏర్పాట్లు మెల్లగా వచ్చినవి. 1752లో రాయల్ సొసైటీ ఆ పత్రికా భారమును ఒక్క కార్యదర్శి చేతినుండి తీసికొని ఒక సంఘమునకు అప్పగించెను. 1830 తరువాతి దశకమున వ్యాసమును ఆ విషయము తెలిసిన పరిశీలకునికి పంపి, ఆయన అభిప్రాయమును వ్రాతమూలకముగా తెప్పించుకొను పద్ధతి ఆరంభమైనది. నేడు ప్రపంచమంతట వాడుకలో నున్న పరిశీలనా పద్ధతికి ఇది తొలి మెట్టు.

వ్యాసకర్తల ధర్మమును గూర్చి చెప్పునపుడు 1858 నాటి సంగతిని విడువరాదు. ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు నేటి ఇండోనేషియాలోని తెర్నాతె ద్వీపమునుండి ఛార్లెస్ డార్విన్‌కు ఒక వ్యాసమును పంపెను. ప్రకృతిలో జీవజాతులు ఎట్లు మారుచున్నవో అందు వివరించెను. జూన్ మాసమున అది అందగా డార్విన్ నిర్ఘాంతపోయెను. తాను ఇరువది సంవత్సరములుగా మనసులో పెంచుకొనుచు, 1844లో ఒక వ్యాసముగా వ్రాసి, ప్రకటింపక దాచియుంచిన సిద్ధాంతమే ఆ కాగితములలో నున్నది. అదే సమయమున ఆయన యింటిలో పసిబిడ్డ జ్వరపీడితుడై జూన్ 28వ తేదీన మరణించెను.

డార్విన్ ఏమి చేయవచ్చును? వాలెస్ ఉత్తరమును కొన్ని నెలలు త్రొక్కిపట్టి తన గ్రంథమును ముందుగా వెలువరింపవచ్చును. సముద్రములకు ఆవల నున్న వాలెస్‌కు తెలియుటకు మార్గము లేదు. ఆయన అట్లు చేయలేదు. మిత్రులైన లైయెల్, హుకర్ అను పండితులకు ఉత్తరమును చూపి నిర్ణయమును వారికి వదలెను. వారు జూలై 1వ తేదీన లిన్నేయన్ సొసైటీ సభలో డార్విన్ పూర్వపు వ్రాతలలోని భాగములను, వాలెస్ వ్యాసమును కలిపి చదివించిరి. ఆగస్టులో రెండును ఒకే చోట అచ్చు పడెను.

దీనిని సాధారణముగా ఉదార చరిత్రగా చెప్పుదురు. అది నిజమే. కాని నేటి త్రాసులో తూచినచో ఒక లోపము కనబడును. తన వ్యాసము ఇట్లు ప్రకటింపబడునని వాలెస్‌ను ఎవరును అడుగలేదు. ఉత్తరము పోయి రావలెనన్న నెలలు పట్టును, అందుచేత అడుగుటకు వీలు లేకపోయెను. వరుసలో డార్విన్ వ్రాతలు ముందు, వాలెస్ వ్యాసము వెనుక ఉంచిరి. వాలెస్ తరువాత తెలిసికొని సంతోషమునే వెల్లడించెను. 1889లో తాను వ్రాసిన గ్రంథమునకు ‘డార్వినిజమ్’ అని పేరు పెట్టెను. ఆయన మనసు పెద్దది. అయినను ఒకరి మనసు పెద్దదగుటచేత మనము తీసికొన్న స్వాతంత్ర్యము న్యాయము కాదు. పేరు గల ప్రతి వ్యాసకర్తయు ప్రకటనకు ముందు సమ్మతి తెలుపవలెనని నేటి పత్రికలు పట్టుబట్టుటలో అర్థమిదియే.

పరిశీలకుల పద్ధతి ఎంత మంచిదైనను పెద్దలకది మింగుడుపడలేదు. 1936లో ఆల్బర్ట్ ఐన్‌స్టైన్, రోజెన్ అను సహచరునితో కలిసి, గురుత్వాకర్షణ తరంగములు లేవని తేల్చు వ్యాసమును అమెరికాలోని ‘ఫిజికల్ రివ్యూ’ పత్రికకు పంపెను. సంపాదకుడు జాన్ టేట్ దానిని ఒక పరిశీలకునికి పంపగా, ఆయన దీర్ఘమైన ఆక్షేపణలు వ్రాసెను. టేట్ వానిని వినయముగా ఐన్‌స్టైన్‌కు పంపెను. ఐన్‌స్టైన్‌కు ఆగ్రహము కలిగినది. అచ్చువేయుటకు పంపిన వ్యాసమును ఇతరులకు చూపుమని తాను చెప్పలేదని వ్రాసి, వ్యాసమును వెనుకకు తీసికొనెను. జర్మనీలో ఆయనకు అలవాటైన పత్రికలలో సంపాదకుడే చదివి నిర్ణయించుట వాడుక. అందుచేత ఇది ఆయనకు అవమానముగా తోచినది.

కాని పరిశీలకుడు చెప్పినది సత్యము. ఆయన పేరు హోవర్డ్ రాబర్ట్‌సన్ అని చాల కాలము తరువాత, 2005లో, చరిత్రకారులు వెల్లడించిరి. రాబర్ట్‌సన్ తానే పరిశీలకుడనని చెప్పుకొనక, స్నేహముగా ఐన్‌స్టైన్ సహాయకునితో మాటలాడి దోషమును తెలియజేసెను. 1937లో ఆ వ్యాసము మరియొక పత్రికలో, నిర్ణయము తలక్రిందులై, వెలువడెను. ఆ తరంగములు 2015 సెప్టెంబరులో యంత్రములకు చిక్కినవి. సంపాదకుడు గొప్ప పేరునకు జంకి ఆ వ్యాసమును అట్లే అచ్చువేసియుండినచో ఐన్‌స్టైన్ కీర్తిలో ఒక మచ్చ మిగిలియుండెడిది. టేట్ చూపిన ధైర్యమును, రాబర్ట్‌సన్ చూపిన మౌనమును మేము సమానముగా మెచ్చుకొనుచున్నాము. పరిశీలకుడు తాను చదివిన వ్యాసమును రహస్యముగా కాపాడవలెను. దానిని తన ప్రయోజనమునకు వాడుకొనరాదు. ఇది మూడవ ధర్మము.

ఇచ్చట మన తెలుగువాని పేరొకటి చెప్పుకొనవలసియున్నది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాకు వెళ్లి హార్వర్డులో సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి పనిచేసెను. రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంత కలదో రంగును బట్టి కొలుచు పద్ధతిని వారు 1925లో ప్రకటించిరి. ఆ వ్యాసము తలపై ఇద్దరి పేర్లును అచ్చుపడినవి. అందుచేతనే ఆ పద్ధతి నేటికిని ‘ఫిస్క్–సుబ్బారావు పద్ధతి’గా ప్రపంచమంతట ప్రసిద్ధి చెందియున్నది. సుబ్బారావు 1948లో మరణించెను. జీవితకాలమున తగిన కీర్తి నందలేదని చెప్పుకొందురు. అట్టివాని పేరు ప్రయోగశాలలలో నిలుచుటకు ఆ వ్యాసము తలకట్టులోని ఒక్క పంక్తియే ఆధారము. వ్యాసముపై పేరుండుట అలంకారము కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

పని చేసినవాని పేరు విడుచుట ఎంత దోషమో, పని చేయనివాని పేరు చేర్చుట అంతే దోషము. విభాగాధిపతి యని, డబ్బిచ్చినవాడని, గౌరవార్థమని పేర్లు చేర్చు అలవాటు ప్రపంచమున పలుచోట్ల కలదు. 1978లో కొందరు వైద్యపత్రికల సంపాదకులు కెనడాలోని వాంకూవర్ నగరమున సమావేశమైరి. వ్యాసములు పంపు విధమునకు ఒకే తీరు నియమములు ఏర్పరచుట వారి తొలి ఉద్దేశము. ఆ సంఘమే క్రమముగా గ్రంథకర్త యనగా ఎవరో నిర్వచించెను. పరిశోధనలో గణనీయమైన పాలు గలవాడై, వ్యాసమును వ్రాయుటలో గాని దిద్దుటలో గాని పాల్గొని, తుది ప్రతిని అంగీకరించి, అందలి ప్రతి మాటకు జవాబు చెప్పుటకు సిద్ధపడినవాడే గ్రంథకర్త. కీర్తిలో భాగము కోరువాడు అపకీర్తిలోను భాగము పంచుకొనవలెనని దీని సారాంశము.

1997లో బ్రిటనులోని వైద్యపత్రికా సంపాదకులు ప్రకటనా నీతిని చర్చించుటకు ఒక సంఘమును స్థాపించిరి. మరుసటి సంవత్సరమే అట్టి సంఘము ఎంత అవసరమో లోకమునకు తెలియు ఘట్టము జరిగినది.

1998 ఫిబ్రవరి 28వ తేదీన ‘లాన్సెట్’ పత్రికలో ఒక వ్యాసము వెలువడెను. 1823లో స్థాపింపబడిన ఆ పత్రిక వైద్యలోకమున మిక్కిలి పేరెన్నికగన్నది. వ్యాసకర్తలు పదముగ్గురు, వారిలో ప్రధానుడు ఆండ్రూ వేక్‌ఫీల్డ్. పరీక్షించిన పిల్లలు పన్నెండుగురు మాత్రమే. తట్టు, గవదబిళ్లలు, రూబెల్లా అను మూడు వ్యాధులకు కలిపి వేయు టీకాకును, ఆటిజమను మానసిక వికాస లోపమునకును సంబంధముండవచ్చునను అనుమానమును ఆ వ్యాసము లేవనెత్తెను. సంబంధము రుజువైనదని వ్యాసములో లేదు. కాని పత్రికా విలేకరుల సమావేశమున వేక్‌ఫీల్డ్ ఆ కలగలుపు టీకాను ఆపవలెనని సలహా యిచ్చెను. వార్త దేశమంతట వ్యాపించెను.

తలిదండ్రుల స్థితిని ఊహింపుడు. తమ బిడ్డకు కీడు కలుగునేమో యని భయపడని తల్లి ఉండదు. బ్రిటనులో ఆ టీకా వేయించుకొను పిల్లల సంఖ్య నూటికి తొంబదికి పైగా నుండగా, 2003–04 నాటికి సుమారు ఎనుబదికి దిగజారెను. టీకా యనునది చెరువు కట్టవంటిది. ఊరంతయు కలిసి కాపాడినంత కాలము అది నిలుచును. పలుచోట్ల మట్టి జారినచో నీరు త్రోవ చేసికొనును. తట్టు మరల తలయెత్తెను. పదునాలుగు సంవత్సరములుగా తట్టువలన మరణము లేని బ్రిటనులో 2006లో ఒక బాలుడు ఆ వ్యాధితో మరణించెను. 2008లో ఆ వ్యాధి ఇంగ్లండు, వేల్సులలో మరల పాతుకొన్నదని ఆరోగ్యశాఖవారు ప్రకటింపవలసివచ్చెను.

మరి నిజమేమి? 2002లో డెన్మార్కులో అయిదు లక్షలకు పైగా పిల్లల వివరములను పరిశీలించిన పరిశోధన వెలువడెను. టీకా వేయించుకొన్నవారిలోను, వేయించుకొననివారిలోను ఆటిజము విషయమున భేదము కనబడలేదు. ఇతర దేశముల పరిశోధనలును అట్లే తేల్చినవి. 2004లో బ్రయన్ డీర్ అను వార్తాపత్రికా విలేకరి, టీకా తయారీదారులపై వ్యాజ్యము వేయదలచిన న్యాయవాది ద్వారా వేక్‌ఫీల్డ్‌కు ధనము ముట్టినదనియు, ఆ సంగతి వ్యాసములో చెప్పలేదనియు బయటపెట్టెను. పరీక్షింపబడిన పిల్లలలో కొందరు ఆ వ్యాజ్యమునకు సంబంధించినవారే. ఆ సంవత్సరము మార్చిలో పదముగ్గురు వ్యాసకర్తలలో పదిమంది ఆ వ్యాసమునందలి వ్యాఖ్యానమును వెనుకకు తీసికొనిరి.

2010 జనవరిలో బ్రిటిష్ వైద్య మండలి దీర్ఘ విచారణానంతరము వేక్‌ఫీల్డ్ అవినీతిగా ప్రవర్తించెనని నిర్ణయించెను. ఫిబ్రవరి 2వ తేదీన ‘లాన్సెట్’ ఆ వ్యాసమును పూర్తిగా ఉపసంహరించెను. మే మాసమున ఆయన పేరు వైద్యుల పట్టికనుండి తొలగింపబడెను. 2011లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ ఆ పరిశోధన మోసమని వివరములతో ప్రకటించెను.

లెక్క చూడుడు. ప్రకటన 1998లో, పూర్తి ఉపసంహరణ 2010లో. నడుమ పండ్రెండు సంవత్సరములు. అబద్ధము ఒక్క దినములో ఊరు చుట్టివచ్చినది. దిద్దుబాటు ఒక పుష్కరకాలము నడచి వచ్చినది. దోషము వ్యాసకర్తదే యనుట సులభము. కాని సంపాదకునికి పాలు లేదా? పన్నెండుగురు పిల్లలపై ఆధారపడిన అనుమానమును అంత ప్రసిద్ధ పత్రికలో ప్రకటించునపుడు అది జనులలో కలిగించు భయమును ఆలోచింపవలసియుండెను. 2004లో ధనము సంగతి బయటపడినప్పుడే వ్యాసమును సమూలముగా పరిశోధింపవలసియుండెను. సంపాదకుడు పోలీసు కాడనుట నిజమే. ప్రతి ప్రయోగశాలకు పోయి చూడలేడనుటయు నిజమే. కాని సందేహము వచ్చిన పిమ్మట ఊరకుండుటకు అది సాకు కాజాలదు. తప్పు అచ్చువేయుట పొరపాటు కావచ్చును. తెలిసిన పిమ్మట దానిని నిలిపియుంచుట పొరపాటు కాదు.

వ్యాసమును ఉపసంహరించుట యనగా చింపివేయుట కాదు. అది అట్లే భాండాగారమున నుండును. కాని ప్రతి పుటపైనను ‘ఉపసంహరింపబడినది’ యని ముద్ర యుండును. ఎందుకు ఉపసంహరించిరో ప్రక్కనే చెప్పుదురు. తప్పును దాచిపెట్టక, తప్పును తప్పని పేరు పెట్టి నిలబెట్టుట ఇందలి నీతి. న్యూటన్ కాలమున ఇట్టి ముద్ర యొకటి యున్నచో లైబ్నిజ్ నింద మూటకట్టుకొని పోవలసిన పని యుండెడిది కాదు.

మన దేశమున ఈ చింత లేదనుకొనరాదు. 1986లో ఢిల్లీలో కొందరు శాస్త్రజ్ఞులు శాస్త్రీయ విలువల కొరకు ఒక సంఘమును నెలకొల్పి, దొంగవ్రాతలను గూర్చియు కల్పిత ఫలితములను గూర్చియు వచ్చు ఫిర్యాదులను విచారింపసాగిరి. 2018లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము గ్రంథచౌర్యమును అరికట్టుటకు నిబంధనలు చేసెను. పరిశోధన గ్రంథములో నూటికి పది పాళ్లవరకు పోలిక యున్నచో శిక్ష లేదు. పది మించి నలుబదివరకు, నలుబది మించి అరువదివరకు, అరువది దాటినచో అని మెట్లుగా శిక్షలు నిర్ణయించిరి. చివరి మెట్టున విద్యార్థి నమోదే రద్దగును. పాళ్లు లెక్కించుటకు నేడు యంత్రములున్నవి. కాని యంత్రము పోలికను లెక్కించును గాని మనస్సును లెక్కింపజాలదు. వాక్యములను తారుమారు చేసి భావమును హరించినవానిని అది పట్టుకొనలేదు. శబ్దహరణము వేరు, అర్థహరణము వేరని రాజశేఖరుడు చెప్పిన భేదము ఇచ్చట మరల జ్ఞప్తికి వచ్చుచున్నది.

ఇంతవరకు చెప్పిన కథల సారమును ఇట్లు కూర్పవచ్చును. వ్యాసకర్త చూచినదే వ్రాయవలెను, ఇతరులవద్ద తీసికొన్నది వారి పేరుతో చెప్పవలెను, పనిచేసినవారినందరిని పేర్కొనవలెను, ఎవరి ధనముతో పనిచేసెనో దాచరాదు. సంపాదకుడు పేరునకు జంకరాదు. స్వపర భేదము చూపరాదు. రెండవ పక్షమునకు చోటియ్యవలెను. తప్పు తెలిసిన వెంటనే దిద్దవలెను. పరిశీలకుడు రహస్యమును కాపాడి, వ్యక్తిని గాక విషయమును చూడవలెను. ఇవి వినుటకు చిన్నపిల్లల పాఠములవలె నున్నవి. కాని ప్రతి పాఠము వెనుక ఒక న్యూటన్, ఒక వాలెస్, ఒక తట్టు సోకిన బిడ్డ ఉన్నారు.

మనమందరము శాస్త్రజ్ఞులము కాము. అయినను మనకును ఒక చిన్న ధర్మము కలదు. ‘పరిశోధనలో తేలినది’ అని ఎవరేని చెప్పినపుడు, ఎందరిని పరీక్షించిరి, ధనమెవరిచ్చిరి, వేరొకచోట మరల చేసి చూచిరా యని మూడు ప్రశ్నలు వేసికొందము. పన్నెండుగురు పిల్లల కథకును, అయిదు లక్షల పిల్లల లెక్కకును గల భేదమును గ్రహించుటకు పట్టా అవసరము లేదు. కూరగాయల అంగడిలో త్రాసు ముల్లును చూచు గృహిణికి ఆ వివేకము స్వభావసిద్ధముగనే కలదు. ఆ చూపును అచ్చుకాగితముపై కూడ నిలుపుదము. అచ్చుపడిన మాటను గౌరవింతము. గౌరవించుచునే దానిని ప్రశ్నింతము. మంచి వ్యాసకర్తయు, మంచి సంపాదకుడును మననుండి కోరునది అదియే.